తప్పుల మీద నిలిచిన అమర క్రీడ

బోర్డు మీద ఆఖరి దృశ్యాన్ని చూసినవాళ్లు నల్లపావులే గెలిచాయనుకుంటారు. నల్లవైపు మంత్రి ఉంది. రెండు ఏనుగులు, రెండు శకట్లు, రెండు గుర్రాలు, అన్నీ ఉన్నాయి. పోయినవల్లా మూడు బంట్లు. తెల్లవైపు మంత్రి పోయింది, ఏనుగులు రెండూ పోయాయి, ఒక శకటు పోయింది. రాజుకు తోడుగా మిగిలినవి రెండు గుర్రాలు, ఒక శకటు, ఆరు బంట్లు. అయినా ఆట కట్టింది నల్లరాజుకే.

1851 జూన్ 21న లండన్‌లో అడాల్ఫ్ ఆండర్సన్, లియోనెల్ కీసెరిట్‌స్కీ ఆడిన ఈ ఆటకు ‘అమర క్రీడ’ అని పేరు. ఆ పేరు పెట్టింది ఆస్ట్రియాకు చెందిన ఎర్న్‌స్ట్ ఫాల్క్‌బీర్, 1855లో. అప్పటి నుంచి చదరంగం నేర్చుకునేవాళ్లలో ఈ ఆటను చూడనివాళ్లు అరుదు. చూసి ఆశ్చర్యపోయి పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఎత్తు ఎత్తుకూ ఆగి, ఇది సరైనదేనా అని అడుగుతూ పోతే మాత్రం వేరే సంగతి బయటపడుతుంది. ఈ ఆటలో తప్పులు చాలా ఉన్నాయి, ఓడినవాడివే కాదు, గెలిచినవాడివి కూడా. అందరూ చప్పట్లు కొట్టే ఆ ఒక్క ఎత్తే అక్కడ వేయదగ్గ వాటిలో మేలైనది కాదు. ఆ తప్పులు లేకపోతే ఈ ఆట ఇవాళ ఎవరికీ గుర్తుండేది కాదు. నేను చెప్పదలచుకున్నది అదే.

ఇద్దరు లెక్కల మాస్టార్లు

ఆ ఏడాది లండన్‌లో హైడ్ పార్కులో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో మహా ప్రదర్శన జరుగుతోంది. దేశదేశాల నుంచి జనం వస్తున్నారు. ఇదే అదనుగా ఇంగ్లండ్ ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ పూనుకుని తొలి అంతర్జాతీయ చదరంగ టోర్నమెంటు పెట్టించాడు. ఆడింది 16 మంది, ఓడినవాడు ఇంటికి వెళ్లే పద్ధతి. అప్పటికి పోటీల్లో గడియారం లేదు. ఒక్కో ఎత్తుకు ఎంతసేపు ఆలోచించినా అడిగేవాడు లేడు.

ఆండర్సన్ సొంతూరు బ్రెస్లావ్, ఇవాళ పోలెండ్‌లో వ్రొత్స్‌వావ్ అని పిలిచే నగరం. అక్కడి పాఠశాలలో లెక్కలు చెప్పేవాడు. అప్పటికి 32 ఏళ్లు. కీసెరిట్‌స్కీ ఇప్పటి ఎస్టోనియాలోని తార్తులో పుట్టాడు. అతనూ లెక్కలు చెప్పినవాడే. 1839లో పారిస్ చేరి, కఫే ద లా రెజాన్స్ అనే చదరంగపు అడ్డాలో గంటకు ఐదు ఫ్రాంకులకు ఆట నేర్పుతూ బతికాడు. ‘లా రెజాన్స్’ అనే చదరంగ పత్రికకు సంపాదకుడు కూడా.

టోర్నమెంటు మొదటి రౌండులోనే ఈ ఇద్దరూ తలపడ్డారు. కీసెరిట్‌స్కీ ఓడి బయటికొచ్చాడు. ఆండర్సన్ తరువాత స్టాంటన్‌ను కూడా ఓడించి చివరికి విజేత అయ్యాడు. మనం చూడబోయే ఆట ఆ పోటీలోది కాదు. స్ట్రాండ్ వీధిలోని సింప్సన్స్ డివాన్‌లో సరదాగా ఆడుకున్నది. ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. బహుమతి లేదు, పరువు పోతుందన్న భయం లేదు. ప్రమాదంలోకి దూకడానికి ఇద్దరికీ అడ్డేమీ లేదు.

మొదటి ఎర

ఇంట్లో బోర్డు ఉంటే తీసి పావులు పేర్చుకోండి. తెల్లపావుల వైపు కూర్చున్నవాళ్లకు ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలు ఎ నుంచి హెచ్ దాకా, కింది నుంచి పైకి అడ్డ వరుసలు 1 నుంచి 8 దాకా. మూల గడుల్లో నిలబడేవి ఏనుగులు, ఐమూలగా నడిచేవి శకట్లు.

తెల్లబంటు ఇ4, నల్లబంటు ఇ5. రెండో ఎత్తుకే ఆండర్సన్ ఎఫ్4కు బంటును తోసి ఎర వేశాడు. దీన్నే కింగ్స్ గాంబిట్ అంటారు. నల్లబంటు దాన్ని చంపింది. ఆ రోజుల్లో ఎర చూపిస్తే తీసుకోకపోవడం పిరికితనం కింద లెక్క. తెల్లశకటు సి4కు వచ్చింది. నల్లమంత్రి హెచ్4కు దూకి చెక్ చెప్పింది. తెల్లరాజు ఎఫ్1కు జరిగాడు. ఇక కోట కట్టుకునే హక్కు పోయినట్టే.

నాలుగో ఎత్తుకు కీసెరిట్‌స్కీ బి5కు బంటును తోశాడు. శకటుకు ఆహారం వేసి, ఎఫ్7 మీద ఉన్న దాని చూపు మళ్లించాలని. ఇది అతనికి ఇష్టమైన పద్ధతి. ఇవాళ్టి లెక్కలో ఇది అనుమానాస్పదమైన ఎత్తే, బంటుకు తగిన ప్రతిఫలం రాదు. శకటు దాన్ని చంపింది. తరువాతి రెండు ఎత్తుల్లో నల్లగుర్రం ఎఫ్6కు, తెల్లగుర్రం ఎఫ్3కు, మంత్రి హెచ్6కు.

ఏడో ఎత్తుకు తెల్లబంటు డి3. నల్లగుర్రం హెచ్5కు వెళ్లింది. ఇందులో చక్కటి వల ఉంది. ఆ గుర్రం జి3కు దూకి చెక్ చెబితే, హెచ్2 బంటు దాన్ని చంపక తప్పదు. చంపితే హెచ్ వరుస తెరుచుకుని నల్లమంత్రి తెల్ల ఏనుగును మింగేస్తుంది. ఆండర్సన్ తన గుర్రాన్ని హెచ్4కు తెచ్చి ఆ దారి మూశాడు. మంత్రి జి5కు వచ్చి ఒకే చూపుతో ఈ గుర్రాన్ని, ఐదో వరుస ఆ చివర బి5లో ఉన్న శకటునూ బెదిరించింది. గుర్రం ఎఫ్5కు గెంతింది. ఒక్క గెంతుతో తానూ తప్పించుకుంది, మంత్రికీ శకటుకూ మధ్య అడ్డం నిలిచి దాన్నీ కాపాడింది.

ఇక్కడి దాకా కీసెరిట్‌స్కీ ఆటలో చురుకుంది. బెదిరింపులన్నీ నిజమైన బెదిరింపులే. అయితే వాటిలో చాలావాటిని మోస్తున్నది మంత్రి ఒక్కటే. వెనక వరుస చూడండి, దాదాపు అంతా కదలకుండా ఉంది.

పదకొండో ఎత్తు

నల్లబంటు సి6కు వచ్చి శకటును బెదిరించింది. తెల్లబంటు జి4కు వచ్చి హెచ్5లోని గుర్రాన్ని బెదిరించింది. ఆ బంటును ఎఫ్4లోని నల్లబంటు దారిన పోతూ చంపవచ్చు కదా అనిపిస్తుంది. చంపితే ఎఫ్4 ఖాళీ అవుతుంది, సి1లో పొంచి ఉన్న తెల్లశకటు నేరుగా జి5లోని మంత్రిని పట్టేస్తుంది. అందుకని గుర్రం ఎఫ్6కు వెనక్కి వచ్చింది.

అప్పుడు ఆండర్సన్ బి5 శకటును పట్టించుకోలేదు. ఏనుగును హెచ్1 నుంచి జి1కు జరిపాడు, అంతే. శకటును తీసుకొమ్మని వదిలేశాడు. కీసెరిట్‌స్కీ తీసుకున్నాడు.

చివరి ఎత్తుల మెరుపులో పడి చాలామంది ఈ చోటును దాటిపోతారు. నా దృష్టిలో ఆట తిరిగింది ఇక్కడే. జర్మన్ గ్రాండ్‌మాస్టర్ రాబర్ట్ హ్యూబ్నర్ ఈ ఆటను మొదటి నుంచి చివరి దాకా విప్పి చూసి, నల్లవైపు అసలు తప్పు ఈ పదకొండో ఎత్తేనని తేల్చాడు. శకటును వదిలేసి హెచ్ బంటును హెచ్5కు తోసి ఉండాల్సిందన్నాడు. ఎందుకో తరువాతి మూడు ఎత్తులు చూస్తే తెలుస్తుంది. తెల్లబంటు హెచ్4కు వచ్చింది, మంత్రి జి6కు పారిపోయింది. బంటు హెచ్5కు వచ్చింది, మంత్రి మళ్లీ జి5కు. తెల్లమంత్రి ఎఫ్3కు వచ్చింది. ఇప్పుడు సి1 శకటు ఎఫ్4 బంటును చంపితే నల్లమంత్రికి పోయే దారి ఉండదు. దానికి దారి ఇవ్వడం కోసం ఎఫ్6 గుర్రం పుట్టింటికి, అంటే జి8కు, తిరిగిపోవాల్సి వచ్చింది.

ఒక్కసారి ఆగి బోర్డు చూడండి. 14 ఎత్తులు అయిపోయాయి. నల్లవైపు మంత్రి తప్ప పెద్ద పావులన్నీ ఆట మొదలైనప్పుడు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఊరి మీదికి దండు వస్తుంటే ఇంటిల్లిపాదీ నిద్రలో ఉండి, ఒక్కడే పొలిమేరలో పరుగులు తీస్తున్నట్టుంది పరిస్థితి. లెక్క ప్రకారం నల్లవైపు ఒక శకటు ఎక్కువ. ఆ లెక్కలో కాలం లేదు. కీసెరిట్‌స్కీ వంటి లెక్కల మాస్టారు లెక్క తప్పింది సరిగ్గా అక్కడ. చదరంగం నేర్చుకునే పిల్లలకు పావుల విలువలు మొదటి రోజే చెబుతాం, బంటుకు ఒకటి, గుర్రానికి మూడు అని. ఒక్కో ఎత్తుకు కూడా ఖరీదుందని చెప్పడం ఆలస్యం చేస్తాం. ఆ పాఠానికి ఈ నాలుగు ఎత్తుల కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

అందరూ మెచ్చిన తప్పు

శకటు ఎఫ్4 బంటును చంపింది, నల్లమంత్రి ఎఫ్6కు పోయింది. తెల్లగుర్రం సి3కు వచ్చింది. నల్లశకటు సి5కు వచ్చి జి1లోని ఏనుగు మీద గురిపెట్టింది. తెల్లగుర్రం డి5కు వచ్చి మంత్రిని తరిమింది. మంత్రి బి2 బంటును చంపి ఎ1లోని రెండో ఏనుగు మీద పడింది. ఇది 17వ ఎత్తు. తెల్లవైపు ఏనుగులు రెండూ చావుకు సిద్ధంగా ఉన్నాయి.

18వ ఎత్తుకు ఆండర్సన్ తన శకటును డి6లో పెట్టాడు. రెండు ఏనుగులనూ తీసుకో అన్నాడు.

ఆ శకటును చంపడానికి లేదు. సి5 శకటు దాన్ని చంపితే, ఎఫ్5 గుర్రం డి6లో చంపి చెక్ చెబుతుంది. రాజు డి8కు పోతే గుర్రం ఎఫ్7 బంటును చంపి మళ్లీ చెక్. రాజు ఇ8కు వస్తే గుర్రం డి6కు వచ్చి మళ్లీ చెక్. రాజు డి8కు, తెల్లమంత్రి తెరుచుకున్న ఎఫ్ వరుసలో నేరుగా ఎఫ్8కు, ఆటకట్టు. గుర్రం ఇలా వెళ్లి అలా తిరిగి రావడం మధ్యలో ఎఫ్7 బంటు మాయమై మంత్రికి దారి తెరుచుకోవడం ఎంత ముచ్చటగా ఉంటుందో ఓసారి ఆడి చూస్తే గానీ తెలియదు.

మరి ఇది తప్పెలా అయింది? ఇంత త్యాగం అవసరం లేకుండానే గెలిచే దారులు అక్కడ కనీసం మూడున్నాయని హ్యూబ్నర్ చూపించాడు. డి బంటును డి4కు తోయవచ్చు. శకటును ఇ3కు తేవచ్చు. ఎ1 ఏనుగును ఇ1కు జరపవచ్చు. మూడింటిలోనూ తెల్లవైపు పైచేయి భద్రంగా ఉంటుంది. డి6లో శకటు పెడితే మాత్రం నల్లవైపుకు తప్పించుకునే సందు దొరుకుతుంది.

ఆ సందును 1879లోనే కనిపెట్టినవాడు విల్హెల్మ్ స్టీనిట్జ్, తరువాతి కాలపు తొలి అధికారిక ప్రపంచ విజేత. నల్లమంత్రి ముందు ఎ1 ఏనుగును చంపి చెక్ చెప్పాలి. తెల్లరాజు ఇ2కు వస్తాడు. అప్పుడు మంత్రి రెండో ఏనుగు ఆశకు పోకుండా బి2కు తిరిగి రావాలి. ఆ గడిలో అది రెండు పనులు చేస్తుంది. పొడుగాటి ఐమూలలో జి7 గడిని కాపు కాస్తుంది. సి2 బంటును చంపి రాజుకు చెక్ చెబుతానని బెదిరిస్తుంది. దానితో తెల్లవైపు దాడి మధ్యలో ఒక ఎత్తును ఆ బంటు కాపలాకు ఖర్చు పెట్టాలి, రాజునే డి2కు జరపాలి. అప్పుడు నల్లశకటు జి1 ఏనుగును తీరిగ్గా తీసుకుంటుంది. పోరాటం అప్పుడే మొదలైనట్టవుతుంది.

కీసెరిట్‌స్కీ అలా ఆడలేదు. శకటుతో జి1 ఏనుగును చంపాడు. ఆండర్సన్ బంటును ఇ4 నుంచి ఇ5కు తోశాడు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన ఎత్తు ఇది, డి6 శకటు కాదు. బంటు ఒక్క గడి ముందుకు నడిచింది, అంతే. ఆ నడకతో బి2లోని మంత్రికీ జి7కూ మధ్య గోడ లేచింది. మంత్రి తన రాజుకు ఏ సాయమూ చేయలేని దూరానికి వెళ్లిపోయింది. ఇక ఎ1 ఏనుగును చంపి చెక్ చెప్పినా ఒరిగేదేమీ లేదు. రాజు ఇ2కు జరిగాడు.

ఇప్పుడు గుర్రం జి7 బంటును చంపి చెక్, రాజు డి8, శకటు సి7లో ఆటకట్టు. ఇదీ బెదిరింపు. దాన్ని ఆపడానికి నల్లగుర్రం ఎ6కు వచ్చి సి7ను కాసింది. శకటును ఎ6కు తెచ్చి రాజుకు సి8 దారి తెరిచి ఉంటే ఆట ఇంకొంత దూరం సాగేది. అయినా తెల్లగుర్రం సి7లో చెక్ చెప్పి ఆ శకటును చంపి గెలుపు దారిలోనే ఉండేది.

గుర్రం జి7లో చెక్, రాజు డి8. తెల్లమంత్రి ఎఫ్6లో చెక్. దాన్ని చంపగలిగింది జి8 గుర్రం ఒక్కటే. ఆ గుర్రమే ఇ7ను కాస్తోంది. అది కదిలిన మరుక్షణం శకటు ఇ7కు వచ్చి ఆటకట్టు. 23వ ఎత్తు.

పాత అచ్చుల్లో 18, 19, 20 ఎత్తుల వరుస ఒకేలా ఉండదు. ఆఖరి మూడు ఎత్తులు బోర్డు మీద ఆడనే లేదని, కీసెరిట్‌స్కీ అంతకు ముందే ఓటమి ఒప్పుకున్నాడని చెప్పే కథనాలూ ఉన్నాయి. పైన చెప్పింది ఎక్కువ పుస్తకాల్లో కనిపించే వరుస.

యంత్రం ఎరుపు రంగు పూసినా

ఇవాళ ఫోన్‌లో ఉన్న చదరంగ ఇంజన్‌కు ఈ ఆట ఇస్తే క్షణాల్లో తప్పులకు ఎరుపు గుర్తులు పెట్టేస్తుంది. అది చూసి “ఇంతేనా అమర క్రీడ?” అనే కుర్రాళ్లు పెరిగారు. వాళ్లతో నాకు గట్టి విభేదం ఉంది. ఇంజన్ చెప్పేది ఆ గడిలో ఆ ఎత్తు విలువ ఎంత అని. మనిషి ఆ ఎత్తు ఎందుకు వేశాడన్నది దాని పని కాదు, అది మన పని. గుంటూరు, వరంగల్, విజయవాడల్లో గ్రాండ్‌మాస్టర్ కలలతో సాధన చేసే పిల్లలు తమ ఆటల్లో ఎరుపు గుర్తులు లెక్కపెట్టుకుని ఊరుకుంటే, వచ్చే వారం అదే తప్పు మళ్లీ చేస్తారు. ఎందుకలా ఆడామన్న ప్రశ్నకు జవాబు దొరికినప్పుడే తప్పు వదులుతుంది.

ఆండర్సన్ డి6 ఎత్తు ఎందుకు వేశాడు? నాకు తోచిన జవాబు అతని మరో అభిరుచిలో ఉంది. అతను చదరంగ సమస్యలు కట్టేవాడు. 1842లోనే 60 సమస్యలతో పుస్తకం వేశాడు. సమస్య కట్టేవాడు ముందు ఆటకట్టు దృశ్యాన్ని మనసులో గీసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తాడు. రెండు గుర్రాలు, ఒక శకటు కలిసి రాజును పట్టే చిత్రం అతనికి 18వ ఎత్తుకే కనబడి ఉంటుంది. అది కనబడ్డాక ఏనుగును ఇ1కు జరిపి నెమ్మదిగా గెలవడం అతనికి చేతకాక కాదు, మనసు రాలేదు. పోటీలో అయితే ఆలోచించేవాడేమో. సరదా ఆటలో ఆపేది ఏముంది?

ఎదుటివాడు జి1 ఏనుగు ఆశకు పోకుండా మంత్రిని వెనక్కి తెస్తే ఆ చిత్రం చెదిరిపోయేది. అందుకే ఈ ఆటలో కీసెరిట్‌స్కీ వాటా తక్కువేమీ కాదంటాను. అందం ఇద్దరు కలిస్తేనే వచ్చింది. ఒకడు అతిగా ఇవ్వాలి, ఇంకొకడు అతిగా తీసుకోవాలి.

స్టీనిట్జ్ ఆ రెండో సగాన్నే పట్టుకున్నాడు. దాడి గెలవడానికి దాడి చేసేవాడి తెలివి ఒక్కటే చాలదు, కాచుకునేవాడు ఎక్కడో తప్పి ఉండాలన్న ఆలోచనను అతను తరువాత ఒక సిద్ధాంతంగా మలిచాడు. 1866లో లండన్‌లో ఆండర్సన్‌ను ఎదుర్కొని 8 ఆటలు గెలిచి, 6 ఓడి, మ్యాచ్ నెగ్గాడు. ఒక్క ఆట కూడా డ్రా కాలేదు. అతను అమర క్రీడలోని సందును చూపిన 1879లోనే ఆండర్సన్ బ్రెస్లావ్‌లో కన్నుమూశాడు.

ఓడినవాడి పత్రిక

ఈ ఆట మనకు ఎలా అందిందో తెలుసా? ఓడిన కీసెరిట్‌స్కీ ఎత్తులన్నీ పారిస్ క్లబ్బుకు పంపాడు. జులైలో తన పత్రిక ‘లా రెజాన్స్’లో స్వయంగా అచ్చు వేశాడు. చుట్టూ ఎవరో చూసి రాసిపెట్టిన ఆట కాదిది. ఓడినవాడే తన ఓటమిని, తన తప్పులతో సహా, లోకానికి చూపించాడు. అతను అచ్చువేయకపోయి ఉంటే ఆండర్సన్ జీవితంలో ఇది ఒక మధ్యాహ్నం ఆటగా మిగిలిపోయేదేమో. ఆటలో ఓడినా దాన్ని మెచ్చుకోగలిగిన ఆ మనసుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. రెండేళ్లకే, 1853లో, పారిస్‌లో పేదరికంలో పోయాడు. 47 ఏళ్లు.

అతని పేరు మాత్రం ఆటలో మిగిలింది. కింగ్స్ గాంబిట్‌లో తెల్లవైపు మూడో ఎత్తుకు గుర్రం, నాలుగో ఎత్తుకు హెచ్4 బంటు, ఐదో ఎత్తుకు ఇ5లో గుర్రం పెట్టే పద్ధతిని కీసెరిట్‌స్కీ గాంబిట్ అంటారు. 1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో బోరిస్ స్పాస్కీ దీన్నే ఆడి 17 ఏళ్ల బాబీ ఫిషర్‌ను ఓడించాడు. ఫిషర్ ఆ దెబ్బను మరిచిపోలేదు. కూర్చుని విప్పి చూసి, కింగ్స్ గాంబిట్‌ను కూలగొట్టానంటూ 1961లో ఒక వ్యాసం అచ్చు వేశాడు. ఆ పత్రిక సంపాదకుడు లారీ ఎవాన్స్.

రెండేళ్లు గడిచాయి. 1963-64 అమెరికా ఛాంపియన్‌షిప్‌లో ఫిషర్ తెల్లపావులతో అదే ఎవాన్స్ ఎదుట కూర్చుని, తానే కూలగొట్టానన్న కింగ్స్ గాంబిట్ ఆడాడు. మూడో ఎత్తుకు గుర్రం కాదు, ఆండర్సన్ లాగే శకటును సి4కు తెచ్చాడు. ఎవాన్స్ మంత్రి హెచ్4లో చెక్ చెప్పింది. ఫిషర్ రాజు ఎఫ్1కు జరిగాడు. 112 ఏళ్ల కిందట సింప్సన్స్ డివాన్‌లో ఉన్న దృశ్యమే బోర్డు మీద నిలిచింది. ఎవాన్స్ బి బంటును ముట్టుకోలేదు, డి బంటును డి6కు తోశాడు. ఆ ఆటా తెల్లవైపే గెలిచింది. ఆ టోర్నమెంటులో ఫిషర్ ఆడిన 11 ఆటలూ గెలిచాడు.